ఖమీరు

బొల్లారం రైలు కట్ట ఎనక
నాలుగు రేకుల ఇల్లు, మంచమంత పెరడు,
అందుల ఆరు కోళ్లు.
ఇప్పుడు ఇదే నా కార్ఖానా.

ముప్పై రెండేండ్లు భట్టీ ముంగట నిలబడ్డ.
తెల్లారుజాము మూడింటికి
పిండి పొంగిందా లేదా
ముక్కుతోనే చెప్పేటోణ్ని.
సేటు గడియారం చూసేటోడు, నేను వాసన చూసేటోణ్ని.
ఎప్పుడూ గడియారమే తప్పేది.

ఆ యేడు వచ్చిన జరం
పానం ఇడిచిపెట్టి ముక్కును పట్టుకపోయింది.
ఒకనాడు రెండొందల బన్నులు మాడినయి.
పొగ కండ్లల్ల పడ్డంక గానీ నాకు తెల్వలే.
సేటు మంచోడు, తిట్టలే.
చాయ్ తాగిపిచ్చి, లెక్క జూసి,
ఖాళీ డాల్డా డబ్బా ఒకటి చేతిల పెట్టిండు,
తెల్లది, మూత బిగుతుది, "దేనికన్న పనికొస్తది" అని.

పనికొచ్చింది.
జొన్నలు రెండు పిడికిళ్లు, సజ్జలు ఒకటి,
నూకలు ఇంట్ల ఎన్నుంటే అన్ని.
పురుగు పట్టిన గోధుమలైనా సరే,
పురుగును ఏరద్దు, అది కోడి వాటా.
నల్లా నీళ్లు రాత్రే పట్టి మూత లేకుంట పెట్టాలె,
మందు వాసన పోవాలంటరు.
పోయిందో లేదో నాకెట్ల ఎరుక?
ఒక రాత్రి అన్నరు, ఒక రాత్రి పెడుత.

గింజ మునిగినంక ఇంకో రెండు వేళ్లు నీళ్లు.
మూత బిగించద్దు.
తొలిసారి బిగించిన.
నడిరాత్రి మూత ఎగిరి రేకులకు తాకి
కోళ్లన్నీ లేసి కొట్లాట.
పక్కింటి ఖుర్షీద్ బీ గోడ మీదికెళ్లి టార్చేసి
"కౌన్?" అన్నది.
"ఖమీర్, బీబీ" అన్న.
నవ్విందో, తల కొట్టుకుందో, చీకట్ల కనబడలే.

మూడో రోజు డబ్బాకు చెవి ఆనిస్త.
ఎవరో దూరంగ గోలీసోడ కొట్టి
తాగుడు మరిచిపోయినట్టు
సన్నగ, ఆగి ఆగి, సప్పుడు.
ఎండకాలమైతే ఒక్క పూటకే గలాటా,
చలికాలం నాలుగు దినాలు అలిగి కూసుంటది.
బతికున్నదని చెవి చెప్తది.
పులిసిందా కుళ్లిందా, అది చెప్పదు.

దానికి ఖుర్షీద్ బీ మనుమరాలు కావాలె.
ఉజ్మా. ఏడేండ్లు. ముంగటి పండ్లు రెండు లేవు.
బడికి పొయ్యేముందు గోడ దిగొచ్చి
డబ్బా మీద వంగి తీర్పు చెప్తది:
"పెరుగు లెక్కుంది తాతా."
"దోశ పిండి. నిన్నటిది."
ఒకనాడు: "మా మామూ బూట్లు."
ఆ దినం డబ్బా మొత్తం గుంతల పోసి మన్ను కప్పిన.

చిప్ప సప్పుడైతే చాలు,
మెడ మీద బొచ్చు లేనిది అందరికన్న ముందు,
కుంటిది అందరికన్న ఎనకొచ్చి నడుమల దూరుతది.
దాణా ఖర్చు తగ్గింది.
గుడ్డు పెంకు గట్టిపడి
గిన్నె అంచుకు రెండుసార్లు కొట్టాల్సొస్తుంది.

మా అవ్వ పొయ్యి పక్కన కలికుండ పెట్టేది.
బడిల పోరగాండ్లు నా అంగీ వాసన చూసి
బల్ల మీద జరిగి కూసునేటోళ్లు.
ఒకనాడు ఆ కుండను కాలితోని తన్నిన, కావాలనే.
అవ్వ ఏమనలే.
పెంకుల నిలిచిన చారెడు పులుపును
కొత్త కుండల ఒంపి, మీద గంజి పోసింది.
తెల్లారి అది మళ్ల పొంగింది.
బేకరీల ఎవరూ నేర్పకముందే
నాకు ఖమీరు వచ్చింది అట్లనే, తన్ని.
అందుకే ఈ డబ్బాను సాంతం కడుగ.
అడుగున గిలాసెడు ఎప్పుడూ ఉంటది.

ఇయ్యాల్ల ఉజ్మాకు సర్ది,
ముక్కు దిబ్బడ, బడి లేదు.
"నాకు ఏం వాసనొస్తలేదు" అని ఏడుపు మొఖం పెట్టింది.
"నాకు మూడేండ్ల సంది" అన్న.
కొద్దిసేపు నన్నే చూసింది.
తర్వాత డబ్బాకు ఆ పక్క తను, ఈ పక్క నేను,
చెవులు ఆనించి కూసున్నం.
"ఏమంటుందే?"
"ష్. తాతా, లోపట వాన పడుతుంది."

కోళ్లు ఖాళీ చిప్పను పొడుస్తున్నయి.